ఫోన్‌లో అమ్మేవాళ్లను నమ్మేదెట్లా?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ఈసారి నన్ను ఫోన్‌లో కొనుగోళ్ల గురించి మాట్లాడమన్నరు. ఇది పొదుపు సంఘం మాటేనా అని కొందరికి అనిపించొచ్చు. సంఘం మాటే. మనలో ఒకరు లోన్ తీసుకుంటే తీర్చే బాధ్యత సంఘం అందరిది. ఆ పైసలతో ఫోన్‌లో కుట్టు మెషిన్‌కు డబ్బులు కట్టి మోసపోతే మెషిన్ రాదు, కిస్తీ మాత్రం ఆగదు. ఆ నెల కిస్తీ మిగతా తొమ్మిది మంది మీద పడ్తది. అందుకే చెప్తున్న.

ముందు ఒక సంగతి. మా సంఘంలో ఒక చెల్లె కుట్టు పని పెద్దగ చేద్దామని లోన్ తీసుకున్నది. ఫోన్‌లో పాత పవర్ మెషిన్ ఫోటో చూసింది. ధర 9 వేలు. అమ్మేటాయన "నేను మిలటరీల ఉన్న, సికింద్రాబాద్ నుంచి బదిలీ అయ్యింది, అందుకే తక్కువకు ఇస్తున్న" అన్నడు. యూనిఫాం ఫోటో పంపిండు, గుర్తింపు కార్డు పంపిండు. "బండి కిరాయి 1,500 ముందు వేయండి, మెషిన్ ఇంటికి వస్తది" అన్నడు. చెల్లె పైసలు పంపకముందు మీటింగ్‌లో చెప్పింది. ఒక పెద్దక్క ఒక్కటే మాట అడిగింది: "ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ ఎంత దూరం? మనమే పోయి చూద్దాం." అక్కడనే ఫోన్ చేసినం. లోపలికి బయటివాళ్లను రానియ్యరు అన్నడు. సరే, గేటు కాడికి తెండి, అక్కడనే చూసి మొత్తం పైసలు ఇస్తం అన్నం. ఫోన్ పెట్టేసిండు. తెల్లారి నుంచి ఆ నంబరు కలవలేదు.

సైనికులమని చెప్పి పాత సామాను పేరుతో మోసం చేసేటోళ్ల గురించి పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించిన్రు. మన దగ్గర సికింద్రాబాద్‌ల కంటోన్మెంట్ ఉంది కాబట్టి మనం తొందరగ నమ్ముతం. యూనిఫాం మీద మనకున్న గౌరవమే వాళ్లకు పెట్టుబడి.

ఇంక వేలం సంగతి. వేలం మనకు కొత్త కాదు. చీటీ పాట పాడినవాళ్లమే అందరం. బాలాపూర్ గణపతి లడ్డూ 1994ల 450 రూపాయలకు పోయింది, 2024ల 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. అంత పెద్ద పాట అయినా లడ్డూ అందరి కండ్ల ముందు ఉంటది, పాడేటోళ్లు ఎదురుంగనే ఉంటరు. ఫోన్‌లో పాట అట్ల కాదు. అమ్మేటాయన మొహం కనపడదు, సామాను ఫోటోనే. మనకు పోటీగ ధర పెంచేది నిజంగ కొనేటోళ్లా, అమ్మేటాయన సొంత మనుషులా తెల్వదు.

అమెరికాలో 1995ల ఈబే అనే కంపెనీ కంప్యూటర్‌లో వేలం పెట్టింది. ముక్కు మొహం తెల్వని వాళ్లను ఎట్ల నమ్మాలె అనే కష్టం వాళ్లకూ వచ్చింది. దానికి కొన్నవాళ్లు అమ్మినవాళ్ల గురించి మంచో చెడో రాసే పద్ధతి పెట్టిన్రు. ఆ ఈబే 2004ల మన దేశంలో బాజీ డాట్ కామ్‌ను కొని నడిపింది, 2018ల ఇక్కడ మూతబడ్డది. ఆ పద్ధతి మాత్రం పోలేదు. ఇయ్యాల ప్రతి యాప్‌లో మనం చూసే చుక్కల రేటింగ్ అదే.

మన సంఘానికి పంచసూత్రాలు ఉన్నట్టే, కొనే ముందు ఐదు ప్రశ్నలు పెట్టుకుందాం.

మొదటిది, ఎవరు, ఎక్కడ? పేరు, దుకాణం అడ్రస్, నంబరు అడగాలె. జీఎస్టీ నంబరు చెప్తే అది 15 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటది. తెలంగాణ వ్యాపారిది 36తో మొదలైతది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే ఎవరి పేరు మీదుందో కనపడ్తది. ఇంట్ల చిన్నగ చేసుకునే ఆమెకు జీఎస్టీ లేకపోవచ్చు, అది తప్పు కాదు. కానీ అడ్రస్ అడిగితే మాట దాటేసేటోళ్లను వదిలెయ్యాలె.

రెండోది, పాత లెక్క ఎట్లుంది? సంఘంలో లోన్ ఇచ్చేటప్పుడు ఆమె మాట తీరు చూడం, పాత కిస్తీల పుస్తకం చూస్తం. ఇక్కడ గూడ అంతే. చుక్కలు చూసి ఆగొద్దు. ఎంతమంది రాసిన్రు? ఎన్ని నెలల నుంచి రాస్తున్రు? అన్నీ ఒక్క వారంలోనే వచ్చినయా? ఒక చుక్క ఇచ్చినవాళ్లు రాసింది ముందు చదవాలె. ఇంకొకటి, ఏం అమ్మి పేరు తెచ్చుకున్నడో చూడాలె. వంద రూపాయల గాజులు నిజాయితీగ అమ్మి మంచి పేరు తెచ్చుకుని, ఆ పేరుతోని పదివేల ఫోన్ పేరున ముంచేటోళ్లు ఉంటరు. చీటీ నడిపేటాయన ఆరు నెలలు సక్కగ ఇచ్చి ఏడో నెల పరారైనట్టే ఇది. రివ్యూలు ఎట్ల సేకరించాలె, ఎట్ల చూపించాలె అని 2022ల బీఐఎస్ ఒక ప్రమాణం తెచ్చింది. దొంగ రివ్యూల బాధ అంత పెద్దదన్నమాట.

మూడోది, సామాను నిజంగ ఉందా? ఫోటో ఎక్కడిదైనా తెచ్చి పెట్టొచ్చు. వీడియో కాల్ చేసి "మెషిన్ నడిపి చూపించండి, నంబరు ప్లేటు చూపించండి" అనాలె. మన ఊర్లనే ఉంటే పోయి చూడాలె, ఒక్కరే పోవద్దు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పైసలు ఎప్పుడు, ఎవరి చేతికి పోతున్నయి? యాప్‌లో కడితే, తేడా వస్తే అడగడానికి ఒక కంపెనీ ఉంటది. "యాప్‌లో కమీషన్ పోతది, నాకే నేరుగ వేయండి, తగ్గిస్త" అన్నడంటే ఆ అడిగే దారి మూసేస్తున్నడని అర్థం. అక్కడనే ఆగాలె. అడ్వాన్సు, కిరాయి, వాపస్ ఇచ్చే డిపాజిట్ అని ముక్కలు ముక్కలుగ అడిగితే గూడ ఆగాలె. పంపే ముందు తెర మీద పేరు కనపడ్తది, ఆ పేరు, చెప్పిన పేరు ఒక్కటేనా చూడండి. మనం అమ్మేటప్పుడు ఇంకో మోసం ఉంది. "మీకు పైసలు పంపుతున్న, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటరు. అక్కలారా, పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టినమంటే మన పైసలు పోతున్నట్టే.

ఐదోది, నచ్చకపోతే వాపస్ ఎట్ల? కొనకముందే అడగాలె, మాటతో కాదు, మెసేజ్‌లో రాయించుకోవాలె.

ఇప్పుడు లైవ్‌లో చీరల అమ్మకం మస్తు నడుస్తుంది. "ఒక్కటే పీసు, ముందు స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్లకే" అంటరు. అందరూ మోసగాళ్లు కాదు, మన ఆడవాళ్లే ఎంతోమంది దాని మీద బతుకుతున్రు. కానీ తొందరపెడ్తే ఆలోచన పోతది. ఆ చీర పోతే ఇంకో చీర వస్తది. చాలామంది "పార్సెల్ ఓపెనింగ్ వీడియో లేకపోతే వాపస్ లేదు" అంటరు. కవర్ విప్పకముందు నుంచే వీడియో తీయండి, అడ్రస్ చీటీ కనపడాలె.

చట్టం గూడ మన వైపు ఉంది. 2020ల వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం యాప్ కంపెనీ అమ్మేవాళ్ల వివరాలు చూపించాలె, ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు పెట్టాలె, 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలె, నెల రోజుల్లో పరిష్కరించాలె. చూపించింది ఒకటి, పంపింది ఇంకొకటి అయితే అమ్మినవాళ్లు వాపస్ తీసుకోనని అనకూడదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎవరో ఒకాయన తన ఇంట్ల పాత ఫ్రిజ్ అమ్ముకుంటే ఆ రూల్స్ వర్తించవు. అందుకే పాత సామాను కాడ ఇంకా జాగ్రత్త ఉండాలె.

వస్తువు మీద గొడవైతే 1915కు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేయాలె. పైసలు మోసంల పోతే వెంటనే 1930కి చేయాలె, బ్యాంకుకు గూడ చెప్పాలె. పొద్దుగాల చూద్దాం అనొద్దు. పైసలు వేరే ఖాతాలకు దాటకముందే ఆపగలిగితేనే దొరికే ఆశ. ఇంట్ల తిడ్తరని దాచిపెట్టడంతోనే ఎక్కువ పోతున్నయి. మోసం చేసినోడికి లేని సిగ్గు పోగొట్టుకున్న అక్కకు ఎందుకు?

చివరిగ, మనం అమ్మేవాళ్లం గూడ. పచ్చళ్లు, పిండివంటలు, బ్లౌజులు ఫోన్‌లో పెడ్తున్నం. మనల్ని గూడ కొనేటోళ్లు ఇట్లనే చూస్తరు. అడ్రస్ రాద్దాం, పచ్చడి డబ్బా మీద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు వేద్దాం, మన సొంత ఫోటోలే పెడదాం, తేడా వస్తే వాపస్ ఇద్దాం.

సమాఖ్య ముందు మూడు మాటలు పెడ్తున్న. ఒకటి, లోన్ పైసలతో ఫోన్‌లో వస్తువు కొనేటప్పుడు కట్టకముందు సంఘం మీటింగ్‌లో చూపించాలె. రెండు, 1930, 1915 నంబర్లు ప్రతి సంఘం తీర్మానాల పుస్తకం అట్ట మీద రాయాలె. మూడు, మోసపోయిన సభ్యురాలిని ఎవరూ ఎత్తిపొడవొద్దు, ఇద్దరు తోడు పోయి ఫిర్యాదు రాయించాలె. ఈ మూడింటినీ ఇయ్యాల తీర్మానం చేయాలని కోరుతున్న.