‘పర్వాలేదు’కు ఎన్ని మార్కులు?

(సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే నెల మనం కౌలు రైతుల ఇళ్లకు సర్వే కాగితాలు పట్టుకుని వెళ్లబోతున్నాం. ఆ కాగితం నమూనా మీ చేతుల్లో ఉంది. అందులో సగం ప్రశ్నలు ఒకే తీరుగా ఉన్నాయి: ‘ధాన్యం కొనుగోలు మీద మీ సంతృప్తి ఎంత? 1 నుంచి 5 లోపు చెప్పండి.’ ఈ ప్రశ్నలు ఇలాగే ఉంచాలా, మార్చాలా అన్నది ఇవాళ తేల్చుకుందాం. మార్చాలన్నదే మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

ఈ అంకెల మెట్లు మనకు కొత్తవి కావు. మధ్యాహ్నం పొలంలో ఉండగా ఫోన్ మోగుతుంది. ‘మీరు సంతృప్తి చెందితే 1 నొక్కండి, చెందకపోతే 2 నొక్కండి’ అంటుంది ఒక గొంతు. బురద చేత్తో ఏదో ఒకటి నొక్కి పెట్టేస్తాం. తర్వాత ఆ నొక్కుడే ‘ఇంత శాతం రైతులు సంతృప్తిగా ఉన్నారు’ అనే లెక్కగా తయారవుతుంది. మనం అర్జీ పట్టుకుని వెళితే ఆ లెక్కే మన ముందు పెడతారు.

ఈ ఐదు మెట్ల పద్ధతికి పేరు తెచ్చినవాడు రెన్సిస్ లికర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1932లో దాని మీద పరిశోధన ప్రచురించాడు. గట్టిగా ఒప్పుకుంటాను అనే దగ్గర మొదలుపెట్టి అసలు ఒప్పుకోను అనే దాకా ఐదు మెట్లు. ఆయన దాన్ని ప్రయత్నించి చూసింది కాలేజీ విద్యార్థుల మీద. మనకు పనికొచ్చే సంగతి ఆ తర్వాతిది. 1939లో ఆయన అమెరికా వ్యవసాయ శాఖలో చేరాడు. ప్రభుత్వ పథకాల గురించి రైతులు ఏమనుకుంటున్నారో తెలుసుకునే విభాగాన్ని నడిపాడు. అక్కడ ఆయన మనుషులు రైతు దగ్గర కూర్చుని ‘దీని గురించి మీరేమంటారు?’ అని అడిగి, రైతు చెప్పింది చెప్పినట్టు రాసుకునేవారు. వర్గాలుగా విడదీసి లెక్క కట్టడం ఆఫీసుకు వచ్చాక చేసే పని. ఐదు మెట్లకు పేరు పడ్డ మనిషే రైతు దగ్గరకు వచ్చేసరికి నోరారా చెప్పించాడు. మన దగ్గరకు మాత్రం మెట్లు వచ్చాయి, ఆ వినడం రాలేదు.

మన దేశంలో పంటకే మార్కులు వేసిన కాలం ఉంది. అదే అణావారీ. గ్రామాధికారి గట్టు మీద నిలబడి చూసి ‘ఈ ఏడు ఆరణాల పంట’ అని రాసేవాడు. ఆ ముక్కను బట్టే శిస్తు మాఫీ. కొన్నిచోట్ల మామూలు పంట అంటే పన్నెండణాలు, కొన్నిచోట్ల పదహారణాలు. కంటిచూపు మీద నమ్మకం చాలక, 1940ల నుంచి మహలనోబిస్, సుఖాత్మే వంటి గణాంక శాస్త్రవేత్తల కృషితో పంట కోత ప్రయోగాలు విస్తరించాయి. చేలో కొలిచి గీసిన ముక్క కోసి, నూర్చి, తూకం వేస్తారు. కంటి మార్కు కన్నా తూకం నయమని పంట విషయంలో ఒప్పుకున్నారు. మనిషి కష్టం దగ్గరకొచ్చేసరికి మళ్లీ కంటి మార్కే.

ఇక మన మాట తీరు చూడండి. ‘ఎలా ఉంది?’ అంటే మనవాళ్లలో చాలామంది చెప్పేది ‘పర్వాలేదండీ.’ పంట బాగా పండినవాడూ అదే అంటాడు. మునిగినవాడూ అదే అంటాడు, వచ్చినవాళ్ల ముందు బయటపడటం ఇష్టంలేక. ఇక వెళ్లు నాయనా అనే అర్థం కూడా ఆ మాటకుంది. సర్వేకొచ్చిన కుర్రాడు మాత్రం అందరికీ 3 వేసుకుని పోతాడు.

దీనికి మొహమాటం, భయం తోడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగు హక్కు కార్డు రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. ఆ యజమాని అరుగు మీద కూర్చోబెట్టి ‘మీకూ యజమానికీ సంబంధాలు ఎలా ఉన్నాయి, 1 నుంచి 5 లోపు చెప్పు’ అంటే 5 తప్ప ఇంకేం చెబుతాడు? వచ్చే ఏడు ఆ చేను అతనికి కావాలి కదా! కాబట్టి ఏం అడగాలన్నదానితో పాటు ఎక్కడ అడగాలి, పక్కన ఎవరున్నారన్నది కూడా చూడాలి.

సగటు సంగతి ఒకటి. కాలువ మొదట్లో ఉన్న ఐదుగురు నీటికి 5 వేశారనుకోండి. శివారులో ఉన్న ఐదుగురు 1 వేశారు. సగటు 3, అంటే పర్వాలేదు. ఆ పదిమందిలో పర్వాలేదన్నవాడు ఒక్కడూ లేడు! శివారువాళ్ల ఎండిన చేలు ఆ సగటు కింద కనపడకుండా పోయాయి.

2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ రైతుల స్థితిగతుల మీద సర్వే చేసింది. వ్యవసాయం ఇష్టమా కాదా అని అడిగి, కాదన్నవాళ్లను ఎందుకని కూడా అడిగింది. వీలుంటే వేరే పని చూసుకుంటామన్నవాళ్లు 40 శాతం. లాభం లేదు కాబట్టి ఇష్టం లేదన్నవాళ్లు 27 శాతం. ఆ ‘ఎందుకు’ ఉంది కాబట్టే ఆ లెక్కను ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. అదే సర్వే అప్పుల బాధకు మార్కులు వేయమనలేదు. అప్పు ఎంత, ఎవరి దగ్గర అని అడిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 82 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని తేలింది. దేశం మొత్తం మీద అది 48.6 శాతం. ఈ లెక్కను ఎవరూ కొట్టిపారేయలేరు.

మార్కులు పూర్తిగా వద్దని మేము అనడం లేదు. అదే రైతును అదే ప్రశ్న ఈ ఏడు, వచ్చే ఏడు అడిగితే మార్పు తెలుస్తుంది. అలాంటివి రెండు ఉంచుదాం. వాటికీ సగటు కట్టవద్దు. 1 అన్నవాళ్లెందరు, 5 అన్నవాళ్లెందరు, వాళ్ల పొలాలు ఎక్కడున్నాయి, ఇలా విడివిడిగా రాద్దాం. ‘విత్తనాలు, ఎరువులు నాణ్యంగా, సకాలంలో అందుతున్నాయా’ అన్న ఏడో ప్రశ్నలో నాలుగు ప్రశ్నలున్నాయి. విడగొట్టాలి.

కొనుగోలు గురించి ఇలా అడుగుదాం: ఎన్ని బస్తాలు తోలారు? తేమ, తరుగు పేరుతో ఎంత కోశారు? గోతాల కోసం ఎన్ని రోజులు ఆగారు? డబ్బు ఎన్నో రోజున పడింది, ఎవరి ఖాతాలో? ఆ చివరి ప్రశ్న కౌలు రైతుకు ముఖ్యం. ఒక్కో దానికింద రెండు గీతలు ఖాళీ వదిలి, అతను అన్న మాట అన్నట్టే రాయాలి. ‘పర్వాలేదు’ అంటే ‘పర్వాలేదు’ అని రాసి, ‘అంటే ఎట్లా?’ అని మళ్లీ అడగాలి.

భోజనాల తర్వాత ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరినొకరు ఈ కాగితంతో అడిగి చూడండి. ఏ ప్రశ్న దగ్గర ఎదుటివారు ‘అంటే?’ అన్నారో దాని పక్కన గుర్తు పెట్టి, సాయంత్రంలోగా మాకు ఇవ్వండి.