దవడ ఎముక బాగుంటేనే ఇంప్లాంటు నిలిచేది

(మన గుడి ఆరోగ్య శిబిరం రోజున మందిరం హాలులో చేసిన ప్రసంగ పాఠం)

అర్చన అయ్యాక, ప్రసాదం వడ్డించే లోపు మాకు అరగంట ఇచ్చిన కార్యవర్గానికి కృతజ్ఞతలు. పక్క గదిలోంచి పులిహోర వాసన వస్తుంటే పళ్ళ గురించి వినడం కష్టమే. అందుకని సూటిగా విషయంలోకి వస్తాం.

మేమిద్దరం భార్యాభర్తలం, ఇద్దరమూ దంతవైద్యులమే. చాలా ఏళ్ళుగా ఈ శిబిరంలో కూర్చుంటున్నాం. మొదట్లో పిల్లల పుచ్చుపళ్ళ గురించి అడిగేవారు. ఆ పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయారు. ఇప్పుడు అడిగేది అమ్మానాన్నల పళ్ళ గురించి. ప్రశ్న ఇంచుమించు ఎప్పుడూ ఒకటే. "డాక్టరు గారూ, ఇక్కడ ఒక్క ఇంప్లాంటుకి మూడు వేల నుంచి ఆరు వేల డాలర్ల దాకా చెబుతున్నారు. మెడికేర్ మామూలుగా ఇవ్వదట. మా నాన్నగారు వచ్చే నెల ఇండియా వెళ్తున్నారు. మూడు వారాల్లో అక్కడ చేయించుకుని రావచ్చా?"

అక్కడ చేయించుకోవడంలో తప్పేమీ లేదు. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో చేయి తిరిగిన వైద్యులున్నారు. చిక్కంతా "మూడు వారాల్లో" అన్న మాట దగ్గరే ఉంది. ఎముక మన విమానం టికెట్టు చూసి అతుక్కోదు. ఇది మేము పుస్తకంలో చదివాం, రోగులకు చెప్పాం, చివరికి మా ఇంట్లోనే మరిచిపోయాం. ముందు ఆ సంగతే చెబుతాం.

మా అత్తగారు రాజమండ్రిలో ఉంటారు. ఇంట్లో పిల్లలతో పాటు మేమూ ఆవిడను అమ్మమ్మగారనే పిలుస్తాం. ఆవిడకు పై దవడలో కుడివైపు వెనక పళ్ళు రెండు ఎప్పుడో పోయాయి. ఇక్కడికి బయలుదేరే ముందు అక్కడే ఇంప్లాంట్లు పెట్టించుకుంటానన్నారు. ఫోనులో మేము "సరే" అన్నాం. "అమెరికా వెళ్ళాలి, త్వరగా కావాలి" అని ఆవిడ అడిగారు, ఆ వైద్యుడు అలాగే చేశారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. స్క్రూలు పెట్టిన మూడో వారంలో పైన పళ్ళు కూడా బిగించేశారు. ఇక్కడికి వచ్చిన పది రోజులకు జంతిక కొరుకుతుంటే ఒకటి కదిలింది. నెల తిరక్కుండా రెండూ తీసేయాల్సి వచ్చింది.

ఆ వైద్యుణ్ణి తప్పు పట్టడం తేలిక. కానీ ఫిల్ము పంపమని మేము అడగలేదు. ఏ మందులు వాడుతున్నారని కూడా అడగలేదు. అడిగితే తెలిసేది, ఆవిడ ఆరేళ్ళుగా వారానికొక ఎముకల బిళ్ళ వేసుకుంటున్నారని. "పంటి డాక్టరుకి ఎముకల బిళ్ళ సంగతి ఎందుకు చెప్పాలి?" అన్నారావిడ. ఆవిడ తప్పేమీ లేదు. ఇంట్లో ఇద్దరు దంతవైద్యులం ఉండి మేమే అడగలేదు.

అసలు ఇంప్లాంటు అంటే ఏమిటి? టైటానియంతో చేసిన చిన్న స్క్రూ. పంటి వేరు ఉండాల్సిన చోట దవడ ఎముకలో దాన్ని దింపుతారు, అది కుదురుకున్నాక పైన పన్ను బిగిస్తారు. స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1952 ప్రాంతంలో ఎముకలో రక్త ప్రసరణ ఎలా జరుగుతుందో చూడటానికి కుందేళ్ళ కాలి ఎముకల్లో టైటానియం గొట్టాలు పెట్టారు. పరిశీలన అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోస్టా లార్సన్ అనే ఆయనకు కింది దవడలో మొదటిసారి ఇంప్లాంట్లు పెట్టారు. ఆయన 2006లో పోయేదాకా, అంటే నలభై ఏళ్ళు, అవి పనిచేశాయి. కనుక మంచి ఎముకలో, ఓపికగా పెట్టిన ఇంప్లాంటు జీవితాంతం నిలవగలదు. ఆ రెండు షరతులూ ముఖ్యమైనవే.

ముందు ఎముక సంగతి. పెళ్ళి పందిరి రాట పాతేటప్పుడు మన పెద్దలు ముందు నేల చూస్తారు. గట్టి నేలలో రాట వెంటనే నిలబడుతుంది. ఇసుక నేలలో ఎంత లోతుగా పాతినా ఊగుతుంది. మన నోట్లో కూడా అన్ని చోట్లా నేల ఒకటి కాదు. కింది దవడ ముందు భాగంలో ఎముక అన్నిటికంటే గట్టిది. పై దవడ వెనక భాగంలో అన్నిటికంటే మెత్తనిది. అమ్మమ్మగారికి పెట్టింది సరిగ్గా ఆ మెత్తని చోటే.

పైగా పన్ను పోయిన చోట ఎముక అలాగే ఉండిపోదు. నమిలినప్పుడు పంటి వేరు ద్వారా పడే ఒత్తిడే ఆ ఎముకకు పని. పని లేకపోతే శరీరం దాన్ని కరిగించేస్తుంది. పన్ను తీసిన మొదటి ఏడాదిలోనే అక్కడి ఎముక వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. పై దవడలో వెనక పళ్ళకు పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్ళు పోతే అది కూడా కిందికి దిగుతుంది. కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఉంటుంది. ఎముక ఎత్తు తగ్గితే స్క్రూకీ ఆ నరానికీ మధ్య దూరం తగ్గుతుంది. నరానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారిపోతుంది. అందుకే మామూలు ఎక్స్‌రేతో సరిపెట్టకుండా, ఎముక ఎత్తు, వెడల్పు, లోపలి దారులు అన్నీ చూపించే సీబీసీటీ స్కాన్ తీయించాలంటాం.

ఇప్పుడు ఆ మూడు వారాల సంగతి. స్క్రూ బిగించిన రోజున దాని పట్టు గోడలో దిగిన మేకు పట్టు లాంటిది. అది ఎముకకూ లోహానికీ మధ్య రాపిడి మాత్రమే. ఆ తర్వాత శరీరం తన పని మొదలుపెడుతుంది. స్క్రూ చుట్టూ నలిగిన పాత ఎముకను తీసేసి, కొత్త ఎముకను పేరుస్తుంది. పాతది పోతూ, కొత్తది ఇంకా గట్టిపడని రోజులు మధ్యలో కొన్ని ఉంటాయి. సుమారుగా అవి మూడో వారం, నాలుగో వారం. మొదటి రోజు కంటే అప్పుడే ఇంప్లాంటు బలహీనంగా ఉంటుంది. అప్పుడు అది మిల్లీమీటరులో ఏడో వంతు కదులుతూ ఉన్నా చాలు, చుట్టూ ఎముకకు బదులు మెత్తని పీచు పొర ఏర్పడుతుంది. ఆ పొర వచ్చిందా, ఇక అది అతకదు. నొప్పి కూడా ఉండదు కనుక మనకు తెలియదు.

మనవాళ్ళ సెలవు ముగిసి విమానం ఎక్కేది సరిగ్గా ఆ వారాల్లోనే. మామూలుగా కింది దవడకు మూడు నెలలు, పై దవడకు నాలుగు నుంచి ఆరు నెలలు ఆగడం మంచిది. "ఒక్క రోజులో పళ్ళు" అన్న ప్రకటనలు మీరు చూసే ఉంటారు. అవి అన్నీ అబద్ధం కావు. ఎముక గట్టిగా ఉండి, అనేక ఇంప్లాంట్లను ఒకదానితో ఒకటి కలిపి బిగించినప్పుడు అది కుదురుతుంది. అది కుదురుతుందో లేదో తేల్చాల్సింది ఎముక, టికెట్టు కాదు.

ఇంకొన్ని సంగతులు శరీరానికి సంబంధించినవి. మన తెలుగు ఇళ్ళలో చక్కెర వ్యాధి లేని ఇల్లు అరుదు. చక్కెర ఉన్నంత మాత్రాన ఇంప్లాంటు వద్దనం, అదుపులో లేకపోతే వద్దంటాం. హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్తాం. 9, 10 ఉంటే ముందు మీ డాక్టరు దగ్గరికి పంపిస్తాం. పొగ తాగేవారిలో ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం తాగనివారి కంటే దాదాపు రెట్టింపు. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోగొట్టుకున్నవారు ముందు ఆ జబ్బు నయం చేయించుకోవాలి. పంటికి పట్టిన చీడ ఇంప్లాంటు చుట్టూ ఎముకను కూడా తినేస్తుంది. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటుంటే చెప్పండి, రాత్రి పెట్టుకునే తొడుగు ఇస్తారు.

అన్నిటికంటే ముఖ్యం ఎముకల మందులు. ఆస్టియోపొరోసిస్‌కి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ బిళ్ళ, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్. ఇవి నడుము, తుంటి విరగకుండా కాపాడే మంచి మందులు. అయితే కొద్దిమందిలో, పన్ను తీసినా ఇంప్లాంటు పెట్టినా దవడ ఎముక మానకుండా బయటపడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. బిళ్ళలు వాడేవారిలో ఇది చాలా అరుదు. క్యాన్సరుకు ఇవే మందులు పెద్ద మోతాదులో తీసుకునేవారిలో చాలా ఎక్కువ. దయచేసి ఇది విని ఇంటికి వెళ్ళి మందు మానేయకండి. ముఖ్యంగా డెనోసుమాబ్ హఠాత్తుగా ఆపితే వెన్నుపూసలు విరగవచ్చు. చేయాల్సింది ఒక్కటే, ఇద్దరు డాక్టర్లకూ ఒకరి సంగతి ఒకరికి చెప్పడం. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవారు కూడా ఆ సంగతి తప్పక చెప్పాలి.

మళ్ళీ అమ్మమ్మగారి దగ్గరికి వద్దాం. గాయం మానాక స్కాన్ తీస్తే, సైనస్ కింద ఎముక నాలుగు మిల్లీమీటర్లే మిగిలింది. ఇక్కడ మాకు తెలిసిన సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాం. సైనస్ పొరను పైకి ఎత్తి, కింద ఎముక పొడి నింపాలన్నారు. అమ్మమ్మగారు మా వైపు తిరిగి అడిగారు. "అది ఏ ఎముక?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ పనిలో ఎక్కువగా వాడేది ఆవు ఎముకతో చేసిన పొడి. మాంసకృత్తులన్నీ తీసేసి శుద్ధి చేస్తారు, వైద్యపరంగా మంచి పదార్థమే. దాని మీద కప్పే పొర చాలాసార్లు పంది చర్మం నుంచో, పశువుల కండర బంధాల నుంచో వస్తుంది. ఇన్నేళ్ళుగా మా దగ్గరికి వచ్చిన ఎంతోమంది శాకాహారులను, గోపూజ చేసేవారిని మేము సర్జన్ల దగ్గరికి పంపించాం. ఎవరైనా అడిగితే తప్ప మేముగా ఎప్పుడూ చెప్పలేదు. సంతకం పెట్టే కాగితంలో ఉంటుంది కదా అనుకున్నాం. ఆ కాగితం ఎవరు చదువుతారు?

ఆ రోజు ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాం. వేరే దారులు కూడా ఉన్నాయి. సొంత దవడలోంచే కొంత ఎముక తీసి వాడవచ్చు. మనుషులు దానమిచ్చిన ఎముక ఉంటుంది. కాల్షియం ఫాస్ఫేట్‌తో తయారుచేసిన కృత్రిమమైన పొడి ఉంటుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క లాభం, ఒక్కొక్క లోటు. ఆవిడ కృత్రిమమైనదే కావాలన్నారు. సర్జన్ అభ్యంతరం చెప్పలేదు, కాస్త ఎక్కువ కాలం ఆగాలన్నారు. ఎనిమిది నెలలు ఆగాం. ఆవిడ రాజమండ్రి వెళ్ళి, మళ్ళీ వచ్చారు. తర్వాత ఇంప్లాంటు, ఆపైన ఇంకో ఆరు నెలలు. ఇప్పుడు రెండేళ్ళయింది, నిలిచి ఉన్నాయి. జంతికలు మాత్రం ఎడమవైపే నములుతున్నారు.

ఆవు ఎముక వద్దని మేము ఎవరికీ చెప్పడం లేదు. ఆరోగ్యం కోసం పర్వాలేదనుకునేవారు ఉన్నారు, అదీ సరైన నిర్ణయమే. కానీ నిర్ణయం మీది కావాలి. ముందే అడగండి. అప్పటి నుంచి మేము కూడా మా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ, ఏ దేశం వారైనా, ముందే చెబుతున్నాం.

చివరిగా, ఇక్కడైనా అక్కడైనా, కుర్చీలో కూర్చునే ముందు ఇవి గుర్తుంచుకోండి. వాడే మందులన్నీ, ఏడాదికోసారి తీసుకునే ఇంజెక్షన్లతో సహా, ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. స్కాన్ తీయించి, ఎముక ఎంత ఉందో చూపించమనండి. ఎముక పొడి వాడితే అది దేనితో చేసిందో అడగండి. పెట్టిన ఇంప్లాంటు కంపెనీ పేరు, సైజు, నంబరు ఉన్న కార్డు తెచ్చుకోండి. అది లేకపోతే రేపు ఇక్కడ ఒక చిన్న స్క్రూ వదులైనా, సరైన పనిముట్టు ఏదో మాకు తెలియదు. ఇండియాలో చేయించుకునేటట్టయితే రెండు ప్రయాణాలుగా వేసుకోండి. ఒకసారి వెళ్ళినప్పుడు స్క్రూ, మళ్ళీ వెళ్ళినప్పుడు పన్ను. అలా కుదరకపోతే బ్రిడ్జి ఉంది, తీసి పెట్టుకునే పళ్ళున్నాయి. అవి తక్కువ రకమేమీ కాదు. పదేళ్ళ తర్వాత కూడా వందలో తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలిచే ఉంటాయి. అవి నిలిచేది ఎముక చూసి, ఆగి పెట్టిన చోట. నిదానమే ప్రధానమని మన పెద్దలు ఊరికే అనలేదు.

ప్రసాదం తర్వాత మేము వెనక గదిలో ఉంటాం. మీ అమ్మానాన్నల మందుల చీటీలు ఫోనులో ఉంటే పట్టుకురండి. లేకపోతే ఈ సాయంత్రమే వాళ్ళకు ఫోను చేసి ఒక్క మాట అడగండి, "ఎముకలకేమైనా మందు వాడుతున్నారా?" అని. మేము అడగాల్సిన రోజున అడగలేదు. మీరు అడగండి.