యంత్రములకు ద్విభాషి

నరసన్నపేట బజారులో ఏ ఫోనుల దుకాణము ముందు నిలిచినను పలు కంపెనీల ఫోనులు పలు ధరలకు కనబడును. వాని లోపలి ప్రాసెసర్లు అన్నియు ఒక్క తీరువి కావు. పాతవి 32 బిట్లవి, క్రొత్తవి 64 బిట్లవి. నడుమ ఇంటెల్ ప్రాసెసరు గల ఫోనులును కొంతకాలము వచ్చినవి. ఒక ప్రాసెసరు గ్రహించు ఆజ్ఞ మరియొక జాతి ప్రాసెసరునకు అర్థము కాదు. అయినను ఒకే యాప్ వీనిలో దేనియందు వేసినను పనిచేయుచున్నది. దీని మర్మమేమో నేడు కొంత ముచ్చటింతము.

మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తెలుపుటకు పూర్వమునుండి రెండు మార్గములు కలవు. మొత్తమును ముందే అనువదించి యిచ్చుట ఒకటి. ప్రక్కన ద్విభాషిని నిలిపి వాక్యము వెంట వాక్యము చెప్పించుట రెండవది. మన ప్రాంతమువారికి ఈ భేదము క్రొత్త కాదు. శ్రీముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్వదలచి, తెలుగును సవరయు తెలిసిన యొకనిని ఇంటనే ఉంచుకొనిరి. మొదట ద్విభాషి, పెక్కేండ్లకు, 1938లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు. (వాడుక భాషకై పోరాడిన ఆ మహనీయుని ప్రసక్తి ఈ గ్రాంథికములో తెచ్చినందుకు శ్రోతలు మన్నింతురుగాక.)

మూడవ మార్గము చిత్రమైనది. లోకములో ఎక్కడను లేని యంత్రమునొకదానిని ఊహించి, ప్రోగ్రామును దాని భాషలోనికి మార్చుట. దీనినే వర్చువల్ మెషీన్ అందురు. మనము కల్పిత యంత్రమందము. అయిదు భాషలు, ఆరు యంత్రములు ఉన్నచో నేరుగా అనువదించుటకు ముప్పది అనువాదకములు కావలెను. నడుమ కల్పిత యంత్రమున్నచో పదునొకండు చాలును. 1970ల దశకములో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాన్ డియాగో శాఖవారు పాస్కల్ భాషను ఈ పద్ధతినే పలు చిన్న కంప్యూటర్లకు చేర్చిరి. 1995లో సన్ సంస్థ వెలువరించిన జావాతో ఇది లోకమంతట వ్యాపించినది.

ఈ జావాకై మన జిల్లా యువతీయువకులు విశాఖపట్టణమునకును, హైదరాబాదు అమీర్‌పేటకును పోయి నెలల తరబడి గదులలో కాపురముండి చదువుచున్నారు. తల్లిదండ్రులు అప్పుచేసి పంపుటయు కద్దు. సెలవులకు వచ్చినవారిని మేము అడుగుచుందుము: మీరు వ్రాసినది లోపల ఏమగుచున్నది? “రన్ అగును” అని చాలమంది ఊరకుందురు. అది వారి తప్పని మేము అనము. ఉద్యోగపు ప్రశ్నలకు సరిపడునంతయే వారికి చెప్పుచున్నారు. కాని చూడదలచిన తెర ఏమియు అడ్డము లేదు. జావాతోపాటు ఉచితముగా వచ్చు ‘జావాప్’ అను పనిముట్టు కల్పిత యంత్రపు ఆజ్ఞలను విప్పి చూపును. రెండు సంఖ్యలను కూడుటకు అక్కడ మూడు ఆజ్ఞలు కనబడును: మొదటి సంఖ్యను దొంతరపై పెట్టుము, రెండవదానిని దానిపై పెట్టుము, పైరెంటిని తీసి కూడి ఫలమును మరల దొంతరపై నుంచుము. విందులో విస్తరాకుల దొంతర వలె, పైనున్నదే ముందు చేతికి వచ్చును.

ఇది తెలియనివాడు ఉద్యోగములో చిక్కుపడును. జావా యంత్రము, అక్కరతీరిన వస్తువులను జ్ఞాపకస్థలమునుండి తానే ఊడ్చివేయును. ఆ ఊడ్పులో ఒక్కొక్కప్పుడు ప్రోగ్రామంతయు క్షణకాలము నిలిచిపోవును. కారణమెరుగనివాడు నెట్‌వర్కును నిందించుచు రాత్రులు గడపును.

ద్విభాషి ఉన్నచోట ఆలస్యమును తప్పదు. దానికి విరుగుడు, మాటిమాటికి వచ్చు భాగములను గుర్తించి, వానిని మాత్రము నడుచుచుండగనే అసలు ప్రాసెసరు భాషలోనికి మార్చి దాచుకొనుట. ఆండ్రాయిడ్ ఫోనులలో మొదట ఉన్న కల్పిత యంత్రము పేరు డాల్విక్. అది ఐస్‌లాండు దేశములోని ఒక జాలరి పల్లె పేరు. కళింగపట్టణపు జాలరి చేతి ఫోనులోను ఆ పల్లె పేరే ఉండినదన్నమాట! 2014లో వచ్చిన అయిదవ ఆండ్రాయిడ్‌లో దానిని తొలగించి, యాప్ వేయునప్పుడే సమస్తమును అనువదించు పద్ధతి పెట్టిరి. యాప్‌లు చురుకుగా నడచినవి గాని, వేయుటకు జాగు, దాచుటకు ఎక్కువ చోటు. సిస్టము మార్చిన ప్రతిసారియు యాప్‌లను ఒక్కొక్కటిగా సిద్ధపరచుచున్నామను తెర ముందు ఎంతసేపు కూర్చుంటిమో శ్రోతలలో కొందరికైనను జ్ఞాపకముండును. తక్కువ ధర ఫోనువారికే ఆ కష్టము హెచ్చు. 2016లో, ఏడవ ఆండ్రాయిడ్‌తో, రెంటినీ కలిపిరి. యాప్ వెంటనే వేయబడును. పగలు వాడుచుండగా ఏ భాగములు తరచు నడచుచున్నవో ఫోను గుర్తుంచుకొనును. రాత్రి ఛార్జింగునకు పెట్టి మనము నిద్రించునప్పుడు, ఆ భాగములను మాత్రము తన సొంత భాషలోనికి అనువదించుకొనును.