అనువాదం ఉన్నా తెర మీద తెలుగు ఎందుకు రాదు?

(భాషా హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



న్యాయస్థానంలో డిక్రీ సంపాదించడం ఒక ఎత్తు, దానిని అమలు జరిపించుకోవడం మరొక ఎత్తు. వ్యాజ్యమాడిన ప్రతి కుటుంబానికీ ఈ సంగతి అనుభవమే. మనం తెలుగులో కోరే దరఖాస్తులు, ప్రకటనలు, రసీదులు ఇప్పుడు కంప్యూటరు తెర మీదికి చేరాయి. అక్కడా ఇదే న్యాయం వర్తిస్తుంది. "తెలుగు అనువాదం సిద్ధంగా ఉన్నది" అని అధికారి చెప్పవచ్చు. అది సత్యమే కావచ్చు. అయినా తెర మీద తెలుగు రాకపోవచ్చు. ఆ రెంటి నడుమ ఏమి జరుగుతుందో తెలియనిదే మనం సరైన ప్రశ్న అడగలేము. నేను న్యాయవాదిని, ప్రోగ్రామరును కాను. దావా దస్త్రం చదివినట్లే ఈ విషయాన్ని చదివి, మీ ముందుంచుతున్నాను.

జావా భాషలో నిర్మించిన వెబ్ అప్లికేషనును ఉదాహరణగా తీసుకుందాం. తెర మీద కనిపించే వాక్యాలను ప్రోగ్రాములో కలిపి రాయరు. భాషకొక ఫైలు చొప్పున విడిగా ఉంచుతారు. వీటినే రిసోర్సు ఫైళ్ళు అంటారు. ప్రతి పంక్తిలో ఎడమవైపు ఒక గుర్తింపు పదం, కుడివైపు ఆ భాషలోని వాక్యం ఉంటాయి. ఫైలు పేరు చివర భాషా సంకేతం చేరుస్తారు. అంతర్జాతీయ ప్రమాణంలో తెలుగుకు కేటాయించిన సంకేతం 'టి, ఇ' అనే రెండక్షరాలు. ఆ పేరుతో, నిర్ణీత స్థానంలో ఫైలు దొరికితేనే తెలుగు వస్తుంది.

మొదటి చిక్కు చిరునామాది. ప్రోగ్రామరు తన యంత్రంలో ఫలానా ఫోల్డరులో ఫైలు ఉంచి, ఆ ఫోల్డరు పేరునే ప్రోగ్రాములో రాస్తాడు. అక్కడ అది చక్కగా పనిచేస్తుంది. తరువాత అప్లికేషను మొత్తాన్ని ఒకే మూటగా కట్టి సర్వరులో దించుతారు. అక్కడ ఆ ఫోల్డరు ఉండదు. మూట విప్పకుండానే నడిపే సర్వరులో ఫైలుకు డిస్కు మీద విడి చిరునామా అనేదే ఉండదు. ఇల్లు మారిన ప్రతివాదికి పాత చిరునామాకు నోటీసు పంపినట్లవుతుంది. సరైన పద్ధతి వేరు. ఫైలును మూటలోని 'వెబ్-ఇన్ఫ్' విభాగంలో, 'క్లాసెస్' అనే చోట ఉంచాలి. దానిని డిస్కు చిరునామాతో వెదకక, అప్లికేషనులోని క్లాస్‌లోడరు ద్వారా అడిగి తెప్పించుకోవాలి. మూట ఎక్కడికి పోయినా ఆ దారి మారదు.

రెండవది పేరు. విండోస్ యంత్రం ఫైలు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం భేదాన్ని సాధారణంగా పట్టించుకోదు. లినక్స్ సర్వరు పట్టించుకుంటుంది. ఒక్క అక్షరం తేడాతో ఫైలు ఉన్నా లేనట్లే.

మూడవది లిపి. జావా 8 వరకు ఈ ఫైళ్ళను చదివిన సంకేత పద్ధతిలో తెలుగు లిపికి చోటు లేదు. 'త' అక్షరాన్ని 0సి24 అనే యూనికోడ్ సంఖ్యగా రాయవలసి వచ్చేది. 2017లో వచ్చిన జావా 9 నుంచి యూటీఎఫ్-8 పద్ధతి అమలులోకి వచ్చింది. నేరుగా తెలుగులో రాసిన ఫైలును పాత జావా నడిచే సర్వరులో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి.

నాలుగవది అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే అది చప్పుడు చేయదు. తెలుగు ఫైలు దొరకనప్పుడు జావా వెంటనే తప్పు ప్రకటించదు. ముందు సర్వరుకు నిర్ణయించిన స్వంత భాష ఫైలు వెదకుతుంది. అది కన్నడమైతే కన్నడం, తమిళమైతే తమిళం వస్తుంది. అదీ లేకపోతే ఏ భాషా సంకేతమూ లేని మూల ఫైలును తీసుకుంటుంది. సాధారణంగా అది ఇంగ్లీషులో ఉంటుంది. ఏదీ దొరకనప్పుడే తప్పు పలుకుతుంది. తెలుగు ఫైలు దొరికినా అందులో కొన్ని పంక్తులు లోపిస్తే, అంతవరకు మూల ఫైలులోనివే వస్తాయి. పుట సగం తెలుగు, సగం ఇంగ్లీషు అవుతుంది. యంత్రం దృష్టిలో అంతా సవ్యమే. ఫిర్యాదు నమోదు కాదు, కారకుడు దొరకడు. చదవలేని తల్లి మాత్రం దరఖాస్తు నింపకుండానే వెనుదిరుగుతుంది. హక్కు నిరాకరించినట్లు కాగితం మీద ఎక్కడా ఉండదు.

అందుచేత మన కోరిక "అనువదించండి" అన్నంతతో ఆగరాదు. మూడు షరతులు కోరుదాం. అంగీకార పరీక్ష ప్రోగ్రామరు యంత్రం మీద కాక, ప్రజలు వాడే సర్వరు మీదనే, తెలుగును ఎంచుకొని జరగాలి. అప్లికేషను ప్రారంభమయ్యేటప్పుడే మూల ఫైలులోని ప్రతి గుర్తింపు పదం తెలుగు ఫైలులోనూ ఉన్నదో లేదో సరిచూడాలి. తెలుగు ఫైలు దొరకనప్పుడు ఆ లోపం లాగ్ పుస్తకంలో నమోదు కావాలి.

ఇందుకు చట్టం దారి చూపుతుంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కష్టనివారణకై కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విజ్ఞప్తి సమర్పించవచ్చు. కనుక ఫిర్యాదును తెలుగులోనే ఇవ్వండి. జవాబు ఏ భాషలో ఇవ్వాలో ఆ అధికరణం చెప్పదు, ఇది గుర్తుంచుకోవాలి. అంగీకార పరీక్ష నివేదిక ప్రతిని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరండి. ఆ దరఖాస్తు మాత్రం ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఆ ప్రాంతపు అధికార భాషలోనో రాయాలని చట్టం చెబుతుంది. ఫిర్యాదుతోపాటు తేదీ, సమయం, ఎంచుకున్న భాష, తెర మీద కనిపించినదాని ముద్రిత ప్రతి జతచేయండి. నిశ్శబ్దంగా జరిగిన లోపానికి అవే సాక్ష్యాలు.

"తెలుగు ఫైలు ఉన్నదా?" అన్న ప్రశ్నకు "ఉన్నది" అనే జవాబు సులభంగా వస్తుంది. "సర్వరు దానిని తెరిచి చదివిందా? చూపండి" అని అడుగుదాం.