విశాఖ యాత్రలో ఇల్లాలి వాటా



మా బాల్కొండ వైపు ఆడవాళ్ళకు పెద్ద నీళ్ళంటే పోచంపాడే. 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు అది. దానికి 42 గేట్లున్నాయి. వానాకాలంలో గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా పిల్లాపాపలతో కట్ట మీదికి చేరుకుంటారు. ఎంత నిండినా ఆ నీళ్ళకు అవతలి గట్టు ఒకటి ఉంటుంది. అవతలి గట్టు లేని నీళ్ళను చూడాలని చాలామందికి ఉంటుంది. "పిల్లల పెండ్లిళ్ళయినంక ఒక్కపారి సముద్రం జూసొస్తె సాలు" అనే మాట పసుపు ఆరబోసే కళ్ళాల్లోనూ వినబడుతుంది, పట్నంలో అపార్టుమెంటు మెట్ల మీదా వినబడుతుంది.

ఆ కోరిక తీర్చుకోవడానికి మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది వెళ్ళేది విశాఖపట్నం. వెళ్ళివచ్చిన కుటుంబాన్ని పలకరించి చూడండి. ఇంటాయన జలాంతర్గామి సంగతి చెబుతారు. పిల్లలు తీగ మీద నడిచే పెట్టెబండి గురించి ఆగకుండా చెబుతారు. ఇల్లాలిని అడిగితే, "మీరు పోయి రండ్రి, నేను సామాను జూస్త అన్న. గట్టు మీదనే కూసున్న" అంటుంది. ఏడువందల కిలోమీటర్లు ప్రయాణం చేసి, టికెట్టుకు డబ్బు పోసి, చివరికి ఆమె చూసింది చెప్పులూ సంచులూ! విశాఖలో చూడవలసినవి ఏమిటో, వాటిని ఇల్లాలు కూడా చూసి రావాలంటే యాత్రను ఎలా అమర్చుకోవాలో ఈవేళ చెప్పుకుందాం.

ముందు వెళ్ళే కాలం. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటి నగరాన్ని అతలాకుతలం చేసింది. ఎండాకాలంలో ఉక్కపోత చెప్పనలవి కాదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మా వైపు పసుపు తవ్వకం జనవరిలో మొదలవుతుంది కనుక రైతు కుటుంబాలకు డిసెంబరు అనువైన నెల. పట్నంవాసులు పిల్లల పరీక్షలు చూసుకుని తేదీలు పెట్టుకోవచ్చు.

నిజామాబాదు, ఆర్మూరు వైపు నుంచి మొదట సికింద్రాబాదు చేరాలి. అక్కడి నుంచి విశాఖకు రైళ్ళకు కొదవ లేదు. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ వాటిలో పాతకాపు. సాయంత్రం ఎక్కితే తెల్లవారుజామున దింపుతుంది. అర్ధరాత్రి దాటాక రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన వస్తుంది. మన పోచంపాడు మీదుగా ప్రవహించి వచ్చిన గోదావరే అది. ఆ నదిని వెలుతురులో చూడాలనుకునేవారు పగటి రైలు చూసుకోవాలి.

ఇక సద్ది సంగతి. ఒక్క పూటకు కట్టుకోండి. పులిహోర, జొన్నరొట్టెలు, దారిలో పిల్లలకు సకినాలు, ఇవి చాలు. కరెంటు కుక్కరు, బియ్యం మూట, పచ్చడి సీసాలు సర్దుకుని బయలుదేరారంటే వంటిల్లు మీ వెంటే వస్తుంది. లాడ్జి గదిలో మీరు కుక్కరు ఈల కోసం కాచుకుని కూర్చుంటే మిగిలినవాళ్ళు సూర్యోదయం చూసి వస్తారు. ఇడ్లీ, భోజనం దొరకని ఊరు కాదు విశాఖ. మూడు రోజులు బయట తింటే ఇల్లు గుల్లవుతుందేమోనని లెక్కలు వేసేవారు, రెండు చీరల కొనుగోలు మానుకుంటే ఆ లెక్క సరిపోతుందని గుర్తుంచుకోండి.

మొదటి రోజు సముద్రం దగ్గరే గడపండి. మనకు సముద్రం తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు నీళ్ళలోంచి లేచివస్తాడు. రామకృష్ణా బీచ్‌లో కూర్చుంటే ఆ దృశ్యం కనబడుతుంది. అక్కడి రామకృష్ణా మిషన్ ఆశ్రమాన్ని బట్టే ఆ తీరానికి ఆ పేరు వచ్చింది. దక్షిణాన నీళ్ళలోకి చొచ్చుకువచ్చిన పెద్ద కొండ డాల్ఫిన్ ముక్కు. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రం అంచుదాకా వచ్చాయి. ఆ కొండ గాలినీ అలల పోటునూ అడ్డుకోవడం వల్లనే దాని వెనుక ఓడలకు నీడ దొరికింది. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. అలల తాకిడికి అడ్డుకట్టగా అప్పట్లో రెండు పాత ఓడలను కావాలనే ముంచారు. రేవు దారిలో మూడు కొండలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి.

నీళ్ళలోకి దిగే ముందు ఒక ముఖ్యమైన మాట. మనం చెరువుల దగ్గర పెరిగినవాళ్ళం. చెరువు నీళ్ళు నిలకడగా ఉంటాయి. సముద్రం నీళ్ళు లాగుతాయి. ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఏదో ఒక దారిన వెనక్కి పోవాలి కదా! కొన్నిచోట్ల అదంతా ఒక సన్నని పాయగా కూడి వేగంగా లోపలికి పోతుంది. పైకి చూస్తే అక్కడ అలలు తక్కువగా ఉంటాయి. "ఇక్కడ నెమ్మదిగా ఉంది" అనుకుని దిగేది సరిగ్గా అక్కడే. మోకాటిలోతు నీళ్ళలో నిలబడ్డా కాళ్ళ కింద ఇసుక కోసుకుపోతుంది. ఆపైన తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే లేవడం కష్టం.

అందుచేత పాదాలు తడిసే మేరకే వెళ్ళాలి. పిల్లల చెయ్యి పట్టుకోవాలి. గజ ఈతగాళ్ళూ పోలీసులూ వద్దన్నచోట అడుగు పెట్టకూడదు. ఎవరైనా ఆ పాయలో చిక్కుకుంటే ఒడ్డుకేసి నేరుగా ఈదడానికి పెనుగులాడకూడదు. అలా పెనుగులాడితే బలమంతా అయిపోతుంది. ఒడ్డు పొడుగునా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రానివారు తేలుతూ చెయ్యెత్తి కేక వెయ్యాలి. బయట ఉన్నవాళ్ళు చీరో, తాడో, ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో విసరాలి కాని, ఈత రాకుండా తాము దూకకూడదు. ఫోటోల కోసం రాళ్ళ మీదికి ఎక్కే కుర్రవాళ్ళకు ఈ మాట ముందే చెప్పి బయలుదేరండి. పిల్లల్ని కనిపెట్టే పని ఒక్క తల్లిదే అనుకోకుండా, పెద్దవాళ్ళంతా గంటకొకరు చొప్పున వంతులు వేసుకోవాలి. అప్పుడు అందరికీ సముద్రం దక్కుతుంది.

మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని ఆ బీచ్ రోడ్డు మీదే ఉన్న కురుసుర జలాంతర్గామిని చూడండి. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించిన నౌక ఇది. 2002లో దీన్ని ఇసుక మీదికి లాగి ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు సుమారు 91 మీటర్లు. లోపల ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని బయట ఒక్కరినే కూర్చోబెట్టవద్దు. అలాగని ఆమెకు తోడు మీరే ఉండిపోవద్దు. ముందు సగంమంది, తర్వాత సగంమంది వెళ్ళండి. ఆ నౌకలోని వంటగది మనలాంటివాళ్ళు తప్పక చూడాలి. ఒక మనిషి అటూ ఇటూ తిరగడానికి కూడా చాలని చోట, డెబ్బైమందికి పైగా సిబ్బందికి వండిపెట్టేవారు. మన వంటిల్లు ఇరుకని ఇకమీదట సణుక్కోబుద్ధి కాదు!

రోడ్డుకు అవతలి పక్క టి.యు.142 విమానం ఉంది. 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద పహరా కాసిన విమానమిది. 2017 డిసెంబరులో ప్రదర్శనశాల అయింది. దగ్గరలోనే 1971 యుద్ధ విజయ స్మారకం కూడా ఉంది. ఆ ఏడు డిసెంబరు 3వ తేదీ రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరం దగ్గరే మునిగిపోయింది. పిల్లలకు ఇలాంటి సంగతులు అక్కడ నిలబడి చెబితే జన్మలో మరచిపోరు. ఇటువంటి ప్రదర్శనశాలలకు వారంలో ఒక సెలవు రోజు ఉంటుంది, వేళలూ మారుతుంటాయి. బయలుదేరే ముందే కనుక్కోండి.

రెండో రోజు తెల్లవారగానే సింహాచలం. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడుగునా చందనపు పూతలో ఉంటారు. నిజరూప దర్శనం ఒక్క అక్షయ తృతీయ నాడే. ఆనాటి జనంలో పసిపిల్లలతోను, ముసలివారితోను క్యూలో నిలబడటం కష్టం కనుక, సాధ్యమైనవారు మామూలు రోజుల్లో వెళ్ళడం మేలు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించినట్లు శాసనం ఉంది. మండపంలోని కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే సంతానం కలుగుతుందని నమ్మిక. రాతి చెక్కడాలను మాత్రం తీరిగ్గా చూడండి. దర్శనం అయింది కదా అని పరుగులు తీస్తే సగం గుడి చూడనట్లే.

ఆ సాయంత్రం కైలాసగిరి ఎక్కండి. మెట్లు, రోడ్డు, తీగ మీది పెట్టెబండి, మూడు దారులున్నాయి. పైన శివపార్వతుల పెద్ద విగ్రహాలున్నాయి. అక్కడి నుంచి తీరం విల్లులా వంగి కనబడుతుంది. సంచులు లాడ్జిలోనే వదిలి, మంచినీళ్ళ సీసా, డబ్బు మాత్రం తీసుకువెళ్ళండి. సామాను లేకపోతే సామాను చూసే మనిషి అక్కర్లేదు.

మూడో రోజు భీమిలి దారి. సుమారు 25 కిలోమీటర్ల ఈ రోడ్డులో ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. మొదట రుషికొండ. పరిశుభ్రతకూ భద్రతకూ ఇచ్చే అంతర్జాతీయ నీలి పతాకం గుర్తింపు 2020లో దీనికి వచ్చింది. తరువాత తొట్లకొండ. నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లే ఆ పేరుకు కారణం. రెండువేల ఏళ్ళ కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. స్తూపంతో పాటు వాళ్ళ గదులు, వంటశాల, భోజనశాల పునాదులు కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి. వాన నీటిని పట్టి నిలువ చేసుకున్న వాళ్ళ తెలివి చూస్తే, ట్యాంకరు కోసం ఎదురుచూసే పట్నంవాసులకు ఆలోచన కలుగుతుంది.

ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. గాలీ నీరూ వేల ఏళ్ళపాటు చెక్కిన ఈ దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. ఎక్కి తొక్కితే కరిగిపోయే మట్టి అది. పిల్లల్ని అంచులెక్కనివ్వకండి, తిన్న పొట్లాలు అక్కడ పారేయకండి. చివర భీమునిపట్నం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత డచ్చివారి సమాధులు ఉన్న, 1861లో మునిసిపాలిటీ అయిన ప్రశాంతమైన ఊరు. తీరిక కావలసినవారు సాయంత్రం దాకా అక్కడే కూర్చోవచ్చు.

అరకు, బొర్రా గుహలు చూడాలంటే విడిగా ఒక రోజు పెట్టుకోవాలి. సొరంగాల్లోంచి పోయే ఆ రైలు ప్రయాణమే ఒక వేడుక. అయితే ఉన్న మూడు రోజుల్లోనే దాన్నీ ఇరికిస్తే చూసింది తక్కువ, అలసట ఎక్కువ అవుతుంది.

కొనుక్కోవడానికి ఏటికొప్పాక లక్క బొమ్మలు బాగుంటాయి. మన నిర్మల్ బొమ్మలకు పొనికి చెక్క ఎలాగో, వాటికి అంకుడు చెక్క అలాగ. పసుపు, నీలిమందు వంటి చెట్ల రంగులు వేసినవి అడిగి తీసుకుంటే పసిపిల్లలు నోట పెట్టుకున్నా భయం తక్కువ. ఆ కొనుగోలు కోసమైనా యాత్ర డబ్బులో కొంత ఇల్లాలి చేతిలో వేరుగా ఉండాలి. బయలుదేరే ముందే అడిగి తీసుకోండి. బీచ్‌లో మొక్కజొన్న పొత్తు కొనుక్కోవడానికి కూడా ఇంకొకరి జేబు వైపు చూడటం బాగుండదు.

చివరికి చెప్పేదొక్కటే. ఈసారి రైలెక్కే ముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మూడు సంగతులు ఒప్పించండి: ఎవరి సంచి వారే మోయాలి, పిల్లల కాపలా వంతులవారీగా ఉండాలి, రోజుకు రెండు మూడు చోట్ల కన్నా ఎక్కువ చూడకూడదు. తిరిగి వచ్చాక పక్కింటి వదిన "ఏం జూసినవ్?" అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర కూడా నాలుగు కబుర్లుండాలి.