ఎగ్జిక్యూటరు పెట్టు ఖర్చులు – లబ్ధిదారుల హక్కులు

(మన సంఘ వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తరతరములుగా ఈ చెన్నపట్టణమున స్థిరపడిన మన కుటుంబములలో పెద్దలు విడిచిపోయిన ఆస్తి యనగా తరచుగా ఒక్క ఇల్లే. జార్జిటౌనులోనో, చింతాద్రిపేటలోనో ఒక పాత మిద్దె యిల్లు. దానికి ముగ్గురో నలుగురో హక్కుదారులు. తండ్రి వీలునామా వ్రాసి, పెద్దకుమారుని నమ్మి ఎగ్జిక్యూటరుగా నియమించును. తగవు వీలునామాలోని మాటలపై కంటె ఆ యింటిపై పిమ్మట పెట్టిన ఖర్చుపైననే పుట్టుచుండును. మేమెరిగిన ఒక కుటుంబమున ఇట్టి లెక్క అన్నాచెల్లెండ్ర నడుమ పండుగ రాకపోకలను సయితము మాన్పించినది. అందుచేత నేడు ఈ విషయమును మనవి చేయదలచితిమి.

మొదట తెలిసికొనవలసినది, ఎగ్జిక్యూటరు యజమాని కాడు. 1925 నాటి భారత వారసత్వ చట్టము 211వ సెక్షను ప్రకారము ఆస్తి అతనికి సంక్రమించుట నిజమే. కాని మృతుని ప్రతినిధిగా మాత్రమే. అప్పులు తీర్చి, మిగిలినదానిని వీలునామాలో చెప్పినవారికి అప్పగించుటకే ఆ అధికారము.

ఖర్చు విషయమున 308వ సెక్షను ముఖ్యము. ఆస్తిని కాపాడుటకును, సక్రమముగా నిర్వహించుటకును అవసరమైన ఖర్చును అతడు ఎవరి అనుమతియు లేకయే చేయవచ్చును. ఆస్తిని మెరుగుపరచు పనులకైతే హైకోర్టు అనుమతి కావలెను; అవియు ఆ ఆస్తికి తగినవై యుండవలెను. వీలునామాయే ప్రత్యేకాధికార మిచ్చియున్నచో అది వేరు మాట.

ఒక దృష్టాంతము. కార్తికమాసపు వానలకు మిద్దె కారుచున్నది. కప్పు మరమ్మతు చేయించుట, కార్పొరేషనుకు ఇంటిపన్ను చెల్లించుట సంరక్షణలో చేరును. ఇవి న్యాయమైన ఖర్చులు; ఆస్తినుండి రాబట్టుకొను హక్కు ఎగ్జిక్యూటరుకు కలదు. అదే అదనుగా పైన కొత్త అంతస్తు లేపి, చలువరాయి పరపించి, తానే అందు కాపురముండి, ఆ మొత్తమును చెల్లెలి వాటాలో తగ్గించుట సంరక్షణ కాదు. హైకోర్టు అనుమతియో, హక్కుదారులందరి సమ్మతియో లేనిచో ఆ పద్దును ఆమె ఆక్షేపింపవచ్చును. మైనరు బిడ్డ తన వాటాకు తాను సమ్మతి నీయజాలదు గనుక, అట్టిచోట కోర్టు నాశ్రయించుటయే క్షేమము.

లబ్ధిదారులకు గల రక్షణలు మఱికొన్ని కలవు. ప్రొబేటు పొందిన ఎగ్జిక్యూటరు 317వ సెక్షను ప్రకారము 6 నెలలలో ఆస్తి పట్టికను, 1 సంవత్సరములో జమాఖర్చుల లెక్కను కోర్టులో దాఖలు చేయవలెను. కోర్టు కోరినచో గడువు పెంచవచ్చును. ఆస్తిని దుర్వినియోగపరచినచో ఆ నష్టమును తానే పూడ్చవలెనని 368వ సెక్షను చెప్పుచున్నది. రావలసిన బాకీలను వసూలు చేయక పోగొట్టినను బాధ్యత తప్పదు. ఆ యింటిని తానే స్వయముగా గాని, చాటున గాని కొన్నచో, తక్కిన హక్కుదారులు ఆ విక్రయమును రద్దు చేయించుకొనవచ్చును. తగిన కారణమున్నచో హైకోర్టు ఎగ్జిక్యూటరును తొలగింపను వచ్చును.

చిరకాలము మన నగరమున హిందువుల వీలునామాకు ప్రొబేటు లేనిదే ఎగ్జిక్యూటరు హక్కు కోర్టులో నిలువకుండెను. 2025లో పార్లమెంటు ఆ నిర్బంధమును తొలగించినది. నిర్బంధము తొలగినను ఎగ్జిక్యూటరు బాధ్యత తొలగలేదు. అయితే ప్రొబేటు లేనిచోట పైన చెప్పిన గడువులు వాటంతట అవి నడువవు. కావున లబ్ధిదారులే వ్రాతమూలకముగా లెక్క యడుగవలెను. ఈయనిచో నిర్వహణ దావా వేయవచ్చును.

అడుగుటలో ఆలస్యము కూడదు. పచ్చయప్ప మొదలియారు ధర్మములకై వీలునామా వ్రాసి 1794లో పరమపదించెను. ఆ ధనము దశాబ్దములపాటు వ్యాజ్యములలో నలిగి, 1842లో గాని పాఠశాల రూపమున ఫలింపలేదు. అంత గొప్ప ఆస్తికే ఆ గతి పట్టగా మన చిన్న యిండ్ల మాట చెప్పనేల!

ఎగ్జిక్యూటరులైన సోదరులకు మా మనవి యిది. ఆస్తి లెక్కకు వేరు పుస్తకమును, వేరు బ్యాంకు ఖాతాను ఉంచుడు. పని ఆరంభింపక మునుపే మేస్త్రీ యిచ్చిన అంచనాను అందరికిని పంపుడు. ప్రతి రసీదును భద్రపరచుడు. లబ్ధిదారులైన సోదరీమణులారా, లెక్క యడుగుట అన్నను అవమానించుట కాదు. న్యాయమైన మరమ్మతును మనసార ఒప్పుకొనుడు. తక్కినదానిని నిర్మొగమాటముగ ప్రశ్నింపుడు. తండ్రి నమ్మి వ్రాసిన వీలునామాకు ఉభయులును చేయు గౌరవ మిదియే.