తొలి కాన్పు – ఇంటి తోడు



తొలి కాన్పు ఆడదానికి మరుజన్మ వంటిదని మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఆ మాటలో గౌరవమున్నది, భయమూ ఉన్నది. ఆ రెంటిని గూర్చియే నేడు కొన్ని మాటలు మనవి చేయదలచినాము.

ఇటీవల మేము ఖానాపురం హవేలిలో ఒక వృద్ధురాలిని కలుసుకొన్నాము. ఆ ఊరు నేడు ఖమ్మం నగరములో కలిసిపోయినది. ఆమె తొలిసారి తల్లియైన 1960 దశకములో అది పొలముల నడుమనున్న పల్లె. ఇంటివారందరును ఆమెను అవ్వ అనియే పిలిచెదరు. మేమును అట్లే పిలిచినాము. ఆనాటి సంగతి అడుగగా అవ్వ కొంతసేపు తలచుకొని మొదలుపెట్టినది.

దీపాలవేళ నొప్పులు ఆరంభమైనవట. తల్లి, మేనత్త దగ్గరనున్నారు. మంత్రసానికి కబురు వెళ్ళినది. ఆమె వచ్చి కడుపు తడిమి చూచి, కంగారు లేదని చెప్పినది. “పండుకోనియ్యలేదు బిడ్డా, నడువు నడువు అన్నది. నొప్పి వచ్చినప్పుడల్లా మా అమ్మ నా నడుము పట్టుకున్నది. చెయ్యి ఒక్క గడియ ఇడువలేదు” అని అవ్వ మాతో అన్నది. మధ్య మధ్య గోరువెచ్చని జావ త్రాగించినారు. నడుము మీద వేడినీళ్ళు పోసినారు. దూలమునకు కట్టిన త్రాడు పట్టుకొని ఆమె నొప్పులు ఓర్చుకొన్నది. కోడికూతవేళకు మగపిల్లవాడు పుట్టినాడు.

ఆ చదువురాని మంత్రసాని చేసినదానిలో చాలభాగము నేటి శాస్త్రము ఒప్పుకొనునదే. గర్భిణి నిలిచియు నడచియు ఉన్నచో బిడ్డ బరువే బిడ్డను క్రిందికి దింపును. నొప్పుల మొదటి దశ ఇంచుమించు ఒక గంటకుపైగా తగ్గునని పరిశోధకులు కనుగొన్నారు. ఇక చేయి విడువని తోడు విషయము: 17 దేశములలో 15 వేలమందికి పైగా స్త్రీలపై జరిగిన 26 అధ్యయనములను 2017లో ఒకచోట కూర్చి చూడగా, ఎడతెగని తోడు గల స్త్రీలకు సహజప్రసవములు హెచ్చుగాను, శస్త్రచికిత్సలు తక్కువగాను ఉన్నట్లు తేలినది. అవ్వ తల్లి ఏ గ్రంథమును చదువలేదు. కాని ఆమె చేతికి ఆ సంగతి తెలియును.

ఇంతవరకు విన్నవారికి, పురుడు ఇంటిలోనే పోసికొనుట మేలని తోచవచ్చును. అవ్వ మనుమరాలికి అట్లే తోచినది. ఆమె చదువుకొన్న పిల్ల. ఈ సంవత్సరమే తొలిచూలు. తాను ఇంటిలోనే కనెదనని పట్టుబట్టినది. ఆమె భయము అకారణమైనది కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. మొత్తము కాన్పులలో నూటికి 60కి పైగా కడుపుకోతతో జరిగినవే. అవసరమైనచోట ఆ కోత తల్లిని, బిడ్డను కాపాడును. అవసరము లేనిచోట అది ఆరోగ్యవంతురాలిని రోగిగా చేయును. “ఆసుపత్రికి పోతే కోసేస్తరు, అవ్వ లెక్క ఇంట్లనే కంటా” అని ఆ పిల్ల అన్నదట.

దానికి అవ్వ ఇచ్చిన జవాబు మేము మరువలేము. “నేను ఇంట్లనే కన్న, నిజమే. నా చెల్లె కూడ ఇంట్లనే కన్నది.”

ఆ చెల్లెలిని భద్రాచలం వైపు అడవి అంచుననున్న ఒక పల్లెకు ఇచ్చినారు. తొలి కాన్పునకు పుట్టింటికి తీసికొని రావలసియుండగా, శ్రావణములో వాగులు పొంగి బండి కదలలేదు. అత్తవారింటనే నొప్పులు వచ్చినవి. అక్కడను మంత్రసాని ఉన్నది, పట్టుకొనుటకు చేతులున్నవి. ఆడపిల్ల చక్కగా పుట్టినది. కాని మాయ పడలేదు. రక్తము ఆగలేదు. తెల్లవారునప్పటికి బిడ్డ దక్కినది గాని, తల్లి దక్కలేదు.

ఇట్లేల జరుగును? నిండునెలలలో గర్భాశయమునకు నిమిషమునకు సుమారు అరలీటరు రక్తము పారుచుండును. బిడ్డయు మాయయు వెలువడిన పిమ్మట గర్భాశయము పిడికిలివలె బిగుసుకొని ఆ నాళములను మూసివేయవలెను. బిగియనిచో, లేక మాయ ముక్క లోపల మిగిలినచో, ఆరోగ్యవంతురాలు సైతము రెండు గంటలలో ప్రాణము కోల్పోవచ్చును. ఎవరికి అట్లగునో ముందుగా చెప్పుట కష్టము. అందుచేతనే బిడ్డ పుట్టిన వెంటనే ప్రతి తల్లికిని ఆక్సిటోసిన్ అను సూదిమందు ఇచ్చెదరు. ఆ మందును చల్లనిచోట దాచవలెను. అది చాలనప్పుడు రక్తము ఎక్కింపవలెను. ఇవి ఇంటి వసారాలో దొరకునవి కావు.

తొలిచూలు సంగతి మరియు వేరు. ఇంగ్లండులో ఇంటి కాన్పులకు శిక్షణ పొందిన మిడ్‌వైఫులు, మంచి రోడ్లు, అంబులెన్సులు ఉన్నవి. అక్కడ సుమారు 64 వేలమంది ఆరోగ్యవంతులైన గర్భిణులను పరిశీలించి 2011లో ఫలితములు ప్రకటించినారు. రెండవ, మూడవ కాన్పులకు ఇల్లు ఎంచుకొన్నవారి బిడ్డలకు అదనపు అపాయము కనబడలేదు. తొలిచూలు స్త్రీలు ఇల్లు ఎంచుకొన్నప్పుడు మాత్రము వేయింటికి సుమారు 9 బిడ్డలకు కీడు జరిగినది. ఆసుపత్రిలో అది 5. ఆ తొలిచూలు స్త్రీలలో నూటికి 45 మందిని నడుమనో, పిమ్మటనో ఆసుపత్రికి చేర్చవలసివచ్చినది. వాగు దాటవలసిన ఊరిలో ఆ 45 మంది గతి ఏమగునో ఆలోచింపుడు.

ఆసుపత్రులు మనకు చేసిన మేలు తక్కువది కాదు. 2001–03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు మరణించుచుండిరి. 2018–20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43కు దిగినది. ఆ తేడాలో అవ్వ చెల్లెలివంటివారు ఎందరో ఉన్నారు.

అయినచో ఇంటినుండి మనము తెచ్చుకొనదగినది ఏమియు లేదా? ఉన్నది. అది తోడు. ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు సమయమున గర్భిణికి తోడుగా ఒక స్త్రీ ఉండవచ్చునని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2016లోనే నిర్ణయించినది. సహజప్రసవములు చేయించుటకు నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ తెలంగాణలో 2017లో మొదలైనది. కాని అడుగనిదే ఈ సౌకర్యము అందరికిని అందదు. కావున తొలిచూలు కల ఇంటివారు ఏడవ నెలలోనే ఆసుపత్రికి వెళ్ళి మూడు ప్రశ్నలు అడుగవలెను: కాన్పుగదిలోనికి తోడు ఎవరిని రానిచ్చెదరు? నొప్పులవేళ నడువనిచ్చెదరా? కోత అవసరమైనచో కారణము మాకు చెప్పెదరా? అడుగుట తప్పు కాదు. అడవి పల్లెలవారు, వానకాలములో నెలలు నిండుచున్నచో, వాగులు పొంగకముందే గర్భిణిని ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చుకొనవలెను.

అవ్వ మనుమరాలు తుదకు ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళినది. తోడుగా వెళ్ళినది అవ్వయే. రాత్రంతయు వరండాలో ఆమెను నడిపించినది; నడుము పట్టుకొన్నది. ఉదయమునకు సహజముగనే ఆడపిల్ల పుట్టినది. సూదిమందు ఇచ్చిన తరువాతను రక్తము కొంత ఎక్కువగా పోవుచుండగా, నర్సు కడుపును మర్దించుచు మరల మందు ఎక్కించినది. కొద్దిసేపటిలో అంతయు అదుపులోనికి వచ్చినది. బిడ్డను అందరును చూచుచుండగా, అవ్వ మాత్రము ఆ మందు సీసా వైపే చూచుచు నిలిచినదట.

ఏల అని మేము అడిగినాము.

“ఇంతే మందు బిడ్డా. మా చెల్లెకు ఇంతే కావలసి ఉండె” అన్నది.

తల్లి చేయియు, ఆ మందు సీసాయు ఒకే గదిలో ఉండవలెను. తొలి కాన్పు సిద్ధముగా ఉన్న ప్రతి ఇంటికిని మేము మనవి చేయునది ఇంతే. సెలవు.